ప్రసాదమునకు పరిమాణము కలదా?

(ధనుర్మాస ప్రవచన పాఠము)

 

గడచిన శుక్రవారమునాడు ఉపన్యాసము ముగిసి, తీర్థప్రసాద వినియోగము జరుగుచుండగా ఒక తల్లి మా వద్దకు వచ్చినారు. ఆమెకు అరువది సంవత్సరములు దాటియుండును. చేతిలో చక్కెరపొంగలి దొన్నె ఉన్నది, కన్నులలో నీరున్నది. “అయ్యగారూ! నా మోకాళ్లు అరిగినవి. పది కిలోలు బరువు తగ్గినచో నొప్పి చాలవరకు ఉపశమించునని డాక్టరుగారు చెప్పినారు. తీపి ముట్టనని మా అబ్బాయి నాచేత ఒట్టు వేయించుకొన్నాడు. ఇది తినినచో బిడ్డకిచ్చిన మాట తప్పుదును. తినక విడిచినచో స్వామికి అపచారము చేసినదాననగుదును. నేనేమి చేయవలెను?” అని అడిగినారు.

ఆ సమయమున మాకు తోచిన మాట ఏదో చెప్పి పంపితిమి. అది మాకే తృప్తి నీయలేదు. ఈ ప్రశ్న ఆమె ఒక్కరిది మాత్రమే కాదు. మన దేశమున మధుమేహముతో జీవించువారు పది కోట్లకు పైబడి యున్నారని భారత వైద్య పరిశోధన మండలి వారి తోడ్పాటుతో జరిగిన పరిశీలన 2023లో తెలిపినది. కావున ఈ సభలో కూర్చున్నవారిలోను, ఇంటివద్దనున్న మీ వారిలోను ఈ చిక్కున పడినవారు అనేకులుందురు. ఈనాటి మన ప్రసంగము ఆ తల్లికి మేము బాకీపడిన సమాధానము.

మొదట ఆమె భయమునకు మూలమేమో విచారింతము. మన ఇండ్లలో సత్యనారాయణ వ్రతకథ విననివారుండరు. అన్నవరము రత్నగిరిపై అనుదినము ఎందరో దంపతులు ఆ వ్రతమాచరించుచున్నారు. ఆ కథలో కళావతి యున్నది. భర్త ఓడలో వచ్చి రేవు చేరినాడని వినగానే, పూజ ముగిసినను ప్రసాదము పుచ్చుకొనక పరుగెత్తినది. ఓడ అదృశ్యమైనది. తుంగధ్వజుడను రాజున్నాడు. గోపాలకులు మఱ్ఱిచెట్టు క్రింద పూజచేసి తెచ్చి యిచ్చిన ప్రసాదమును గర్వముచేత విడిచిపోయినాడు. సంతానమును, సంపదను కోల్పోయినాడు. ఈ రెండు కథలు చిన్ననాటనే మన మనస్సులో నాటుకొన్నవి. అందుచేతనే దొన్నెను కాదనుటకు మన చేయి వణకును.

కాని కొంచెము నిదానించి ఆలోచింపుడు. కళావతి చేసిన తప్పు ఏమి? తొందర. తుంగధ్వజుడు చేసిన తప్పు ఏమి? అహంకారము. ఆమె కొద్దిగా తినినదనియు, అతడు దొన్నెలో సగము మిగిల్చినాడనియు కథలో ఎచ్చటను లేదు. అపచారమనునది ఉపేక్షలో నున్నది, తిరస్కారములో నున్నది. పరిమాణములో లేదు. కళావతి తిరిగివచ్చి ప్రసాదము స్వీకరించగానే భర్తను పొందినది. ఎంత స్వీకరించినదని ఆ స్వామి తూకము వేయలేదు.

మన సంప్రదాయమే ఈ విషయమున స్పష్టమైన దారి చూపుచున్నది. తీర్థమును మనమెట్లు పుచ్చుకొందుము? ఉద్ధరిణితో మూడుమార్లు. ఎంత దాహము వేసినను “స్వామీ, ఒక చెంబెడు తీర్థమిప్పించుడు” అని అర్చకుని అడిగినవారు లేరు. తీర్థమునకు మూడు ఉద్ధరిణెలు చాలినప్పుడు, ప్రసాదమునకు మాత్రము దొన్నె నిండవలెనని ఎవరు చెప్పినారు? అది మన నాలుక చెప్పిన శాస్త్రము.

మంగళగిరి కొండపై పానకాల నరసింహస్వామి యున్నారు. బెల్లపు పానకమే ఆ స్వామికి నివేదనము. అర్చకులు శంఖముతో స్వామి నోట పానకము పోయుదురు. భక్తుడు బిందెడు తెచ్చినను, చెంబెడు తెచ్చినను స్వామి సగము మాత్రమే స్వీకరించి, మిగిలిన సగమును భక్తునికే ప్రసాదముగా విడిచిపెట్టునని భక్తుల విశ్వాసము. ఆ కొండ మెట్లెక్కి పానకము త్రాగివచ్చిన మనము ఆ లీలలోని బోధను ఆలోచించితిమా? తీపి యెదుట నున్నప్పుడు సగమునకు ఆగుట ఎట్లో ఆ స్వామియే చేసి చూపుచున్నాడు. బిందెలు బిందెలు వచ్చుచున్న దేవునికే సగము చాలినది. మనకు మాత్రము మారు వడ్డన కావలెను!

“పాయసము, చక్కెరపొంగలి సాత్త్వికాహారములు గదా! ఎంత తినినను దోషమేమి?” అని కొందరు పెద్దలు మమ్ములను అడుగుచుందురు. భగవద్గీత పదునేడవ అధ్యాయమున రసవంతమును, స్నిగ్ధమును, మనస్సుకు హితమును అగు ఆహారము సాత్త్వికులకు ప్రియమని చెప్పబడినమాట నిజము. కాని అది ఆహారముయొక్క గుణమును గూర్చిన మాట. పరిమాణమును గూర్చిన మాట ఆరవ అధ్యాయమున నున్నది. మితిమీరి తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము కుదరదని అచ్చట భగవానుని తీర్పు. ఒక అధ్యాయమును చదివి మరియొక దానిని మూసిపెట్టుట న్యాయము కాదు.

మన వైద్యశాస్త్రమును ఈ మాటనే చెప్పినది. కడుపులో రెండు భాగములు అన్నమునకు, ఒక భాగము ద్రవమునకు కేటాయించి, నాలుగవ భాగమును వాయువు సంచరించుటకై ఖాళీగా విడువవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయమున నిర్ణయించినాడు. చరకసంహిత సూత్రస్థానము ఇరువదియొకటవ అధ్యాయమున స్థౌల్యమునకు కారణములు చెప్పబడినవి: అతిగా తినుట, తీపిని, జిడ్డుపదార్థములను ఎక్కువగా సేవించుట, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర. వీటితోబాటు చింతలేకుండుటయు ఒక కారణమని చరకుడు లెక్కించినాడు. అది చదివినప్పుడు మాకు నవ్వు వచ్చినది, ఏలనన అందులో మేము మమ్ములనే చూచుకొంటిమి.

ఇక మా అనుభవము మనవి చేసికొందుము. ముప్పది సంవత్సరములుగా ఊరూరా ప్రవచనములు చేయుచున్నాము. సప్తాహము జరిగిన ప్రతిచోట ఒక గృహస్థు ఇంట బూరెలు, మరియొకరి ఇంట బొబ్బట్లు, వేరొకరి ఇంట సేమ్యా పాయసము. కాదనుట మర్యాద కాదని తలచితిమి. నిజము చెప్పవలెనన్న, కాదనుట మాకు ఇష్టము లేదు. ఏబదియెనిమిదవ యేట మా ఎత్తు అయిదడుగుల అయిదంగుళములు, బరువు 86 కిలోలు. వేదికపై పద్మాసనము వేయలేక కుర్చీ అడుగవలసిన స్థితి వచ్చినది. వైద్యులు రక్తపరీక్ష చేయించి, మధుమేహము గడపలో నిలిచియున్నది, లోపలికి పిలుచుటయు పిలువకుండుటయు మీ చేతిలో నున్నదనిరి.

మాకు హఠాత్తుగా వైరాగ్యము కలిగినది. ఆ కార్తికమాసమున తీపిని సంపూర్ణముగా విసర్జించితిమి, ప్రసాదమును సైతము. అట్లుండగా ఒక చిన్న పల్లెలోని రామాలయమున వృద్ధులైన అర్చకస్వామి తమ చేతులతో వండిన పరమాన్నమును ఆకులో పెట్టి మాకిచ్చినారు. “మేము తీపి తినము” అని చేయి వెనుకకు తీసికొంటిమి. ఆయన ఏమియు అనలేదు. ఆ ఆకును కన్నుల కద్దుకొని, ప్రక్కనున్న పిల్లవానికి ఇచ్చినారు. కన్నుల కద్దుకొనుట మేము చేయవలసిన పని. దానిని మా బదులు ఆయన చేసినారు.

నలుబది దినములలో నాలుగు కిలోలు తగ్గితిమి. దానితోబాటు గర్వము పెరిగినది. పిదప బంధువుల ఇంట వివాహము వచ్చినది. విందులో తీపివైపు చూడనైన చూడలేదు. రాత్రి అందరు నిద్రించిన తరువాత, వంటయింటిలో గంప క్రింద మూసియుంచిన బూరెలు జ్ఞాపకము వచ్చినవి. దీపమైనను వేయక, నిలువుకాళ్లపై ఏడు బూరెలు తింటిమి. మరునాటినుండి “వ్రతము చెడినది గదా, ఇంక నియమమెందుకు?” అని నెల దినములు అడ్డులేక తింటిమి. పోయిన నాలుగు కిలోలు అయిదై తిరిగివచ్చినవి.

ఆ ఏడు బూరెలు మాకు నేర్పిన పాఠమిది. మేము తీపిని నోటినుండి తొలగించితిమే గాని మనస్సునుండి తొలగించలేదు. మనస్సులో అది నలుబది దినములు నానినది. అర్చకస్వామి యిచ్చిన చెంచెడు పరమాన్నమును పగటివేళ, పదిమందిలో, భక్తితో తినియుండినచో, అర్ధరాత్రి దొంగవలె గంప ఎత్తవలసిన పని ఉండెడిది కాదేమో. బొత్తిగా తిననివానికి యోగము లేదను మాటకు అర్థము మాకు ఆనాడు బోధపడినది.

అప్పటినుండి తీపిని బహిష్కరించుట మాని, దానికి ఇంటిలో ఒక చోటు కేటాయించితిమి. జీతపురాళ్లను గృహిణి పద్దులుగా విభజించునట్లు మన ఆహారమునకును ఒక పద్దు వ్రాసికొనవలెను. ఆ లెక్కను మీకును విన్నవింతుము.

మన దొన్నెలో 30 గ్రాముల బియ్యము, పెసరపప్పు, 40 గ్రాముల బెల్లము, 15 గ్రాముల నెయ్యి ఉన్నవనుకొనుడు. బియ్యము, పప్పు వలన సుమారు 105 కెలోరీలు, బెల్లము వలన 150, నెయ్యి వలన 135. మొత్తము 390. దీనిని ఖర్చుచేయుటకు గంటకు పైగా వేగముగా నడువవలెను. ధనుర్మాసము ముప్పది దినములును నిత్యము నిండు దొన్నె తినినచో 11,700 కెలోరీలగును. శరీరములోని ఒక కిలో కొవ్వు సుమారు 7,700 కెలోరీలకు సమానము. శరీరము లెక్కల పుస్తకము వలె పైసా తప్పక నడువదు గాని, మిగిలిన భోజనము తగ్గించనివానికి నెల తిరుగునప్పటికి కిలోన్నర బరువు చేరుటలో వింత లేదు. అదే ప్రసాదమును ఉసిరికాయంత ముద్దగా, అనగా దొన్నెలో ఆరవ వంతు పుచ్చుకొన్నచో 65 కెలోరీలు మాత్రమే. అందులోని బెల్లము 7 గ్రాములు మించదు.

ఈ 65 కెలోరీలకు చోటు ఎచ్చటనుండి వచ్చును? మన కాఫీ, టీ గ్లాసులనుండి. దినమునకు మూడుమార్లు, ప్రతిమారు రెండు చెంచాల పంచదార వేసికొన్నచో సుమారు 30 గ్రాములగును. ఇట్లు చేర్చుకొను చక్కెరలు మొత్తము ఆహారశక్తిలో పదవ వంతునకు తగ్గియుండవలెననియు, ఇరువదవ వంతునకు తగ్గినచో మరింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. దినమునకు 2,000 కెలోరీలు తినువానికి ఆ ఇరువదవ వంతు 25 గ్రాములు. అనగా దేవుని ముఖము చూడకముందే, ఏ నైవేద్యమును కాని టీ నీళ్లలో మన పద్దు ఖర్చయిపోవుచున్నది. నాలుక మీద నిలువని ఆ పంచదారను రెండు గ్లాసులలో మానినచో 80 కెలోరీలు మిగులును. స్వామి ప్రసాదమునకు చోటు దొరికినది. ఇందులో త్యాగము ఎంత? లాభము ఎంత?

తిరుమల లడ్డూను గూర్చి తప్పక అడుగుదురు గనుక చెప్పుచున్నాము. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ప్రసాదము చిన్న లడ్డూ ఒక్కటియే సుమారు 175 గ్రాములు తూగును. శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పుల కలయికలో నీటిపాలు స్వల్పము గనుక వంద గ్రాములకు నాలుగు వందల కెలోరీలు తగ్గవు. లడ్డూ ఒకటికి ఏడు వందలు. అయితే పూర్వము తిరుపతి వెళ్లివచ్చినవారు లడ్డూను ఏమి చేసెడివారు? చిదిపి, చిటికెడు చిటికెడుగా వాడంతయు పంచెడివారు. ఒక లడ్డూ ఇరువది ఇండ్లకు వెళ్లెడిది. లడ్డూ పెద్దది కాలేదు, పంచుకొను చేయి చిన్నదైనది.

ఇచ్చట కొన్ని భ్రమలను తొలగించుకొనవలెను. పంచదార మాని బెల్లము తినినచో బరువు పెరుగదని కొందరి నమ్మకము. బెల్లములో కొద్దిపాటి ఖనిజములున్నను బరువు విషయమున రెండింటికిని భేదము అత్యల్పము. తేనెయు అంతే. కృత్రిమ తీపి బిళ్లలు బరువును అదుపుచేయుటకు సాధనముగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించినది. ఏకాదశి ఉపవాసమని చెప్పి సగ్గుబియ్యపు పాయసము, వేయించిన ఆలుగడ్డలు, కొబ్బరిలౌజు తినుట మరియొక భ్రమ. అది ఉపవాసము కాదు, అన్నము లేని విందు.

ఇంకొక మాట గట్టిగా చెప్పవలసియున్నది. మధుమేహమునకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని తీసికొనువారు తమ ఆహారమును, ఉపవాసమును వైద్యుని అడిగియే మార్చుకొనవలెను. మందు వేసికొని ఆహారము మానినచో రక్తములో చక్కెర పడిపోయి ప్రాణమునకే ముప్పు రావచ్చును. వణకు, చెమట, కనుచీకట్లు కలిగినచో అప్పుడు పంచదారయే ఔషధము. వెంటనే ఇచ్చి వైద్యుని చూపవలెను. ప్రవచనకర్త మాట వైద్యుని మాటకు ప్రత్యామ్నాయము కాదు.

మేము ఆచరించుచున్న నియమములు అయిదు. మొదటిది స్వీకారము. ప్రసాదమును ఎన్నడును త్రోసిపుచ్చరాదు, రెండు చేతులతో అందుకొని కన్నుల కద్దుకొనవలెను. రెండవది విభాగము. నోట పెట్టుకొనకముందే ఉసిరికాయంత భాగము వేరుచేసికొని, ఎంగిలి కాని మిగతా భాగమును పిల్లలకో, పనివారికో, ఆకలిగొన్నవారికో అందింపవలెను. మూడవది సమయము. రాత్రి ప్రొద్దుపోయిన తరువాత తీపి తగదు. ఇంటికి తెచ్చుకొన్న ప్రసాదమును కూర, పప్పు, మజ్జిగతో భోజనమైన పిదప చివర తినినచో రక్తములో చక్కెర ఒక్కమారుగా ఎగబ్రాకదు. నాలుగవది ఏకాగ్రత. కూర్చుండి, మాటలాడక, నెమ్మదిగా చప్పరించి తినవలెను. అయిదవది లెక్క. తీపి దినమునకు ఒక్కమారే. ప్రసాదము తినిననాడు మరియొక తీపి లేదు. ఈ అయిదింటితోను, ఉదయము గంటసేపు నడకతోను పదునాలుగు నెలలలో 87 నుండి 77 కిలోలకు వచ్చితిమి. ఆరు సంవత్సరములైనది, నేటికిని అచ్చటనే యున్నాము. ఇంకను తగ్గవలసియున్నది. అయినను ఈనాడు మీ యెదుట కుర్చీ లేక కూర్చుంటిమి, అది చాలు.

చివరగా పెట్టు చేతులవారికి ఒక విన్నపము. “ఇంకొక్కటి, నా మీద ఒట్టు” అని కొసరి వడ్డించుట మన తెలుగువారి ప్రేమకు గుర్తు. కాని ఎదుటివాని శరీరస్థితి మనకు తెలియదు. చాలునన్నవానికి మరియొక గరిటె వేయుట ప్రేమ కాదు, బలవంతము. ప్రసాద వినియోగము చేయు స్వచ్ఛంద సేవకులు ఒక ప్రక్క నిండు దొన్నెలను, మరియొక ప్రక్క ఉసిరికాయంత ప్రసాదమున్న చిన్న ఆకులను ఉంచవలెనని ధర్మకర్తల మండలివారిని కోరుచున్నాము. దూరమునుండి ఆకలితో వచ్చినవానికి నిండు దొన్నెయే ధర్మము. మోకాళ్ల నొప్పితో వచ్చిన తల్లికి చిన్న ఆకే ధర్మము. ఇరువురికి లభించు అనుగ్రహము ఒక్కటియే.

కొలది దినములలో ఇరువదియేడవ పాశురము దినమున కూడారై ఉత్సవము వచ్చుచున్నది. నేయి కారుచుండగా అక్కారవడిసల్ నివేదించు శుభదినమది. ఆనాడు తల్లీ, మీరు తప్పక రండు. ప్రసాదమును కన్నుల కద్దుకొని, ఉసిరికాయంత పుచ్చుకొని, మిగిలినది ప్రక్కవారికి పంచుడు. మీ అబ్బాయితో మేము చెప్పినామని చెప్పుడు: ఒట్టును కొంచెము సవరించుకొమ్మని, “తీపి ముట్టను” అనుటకు మారుగా “తీపిని మితిమీరను” అని మాట తీసికొమ్మని. అట్టి మాట నిలుచును. నిలిచిన మాటయే వ్రతము.

స్వస్తి.